కెమెరా పడమటికి తిప్పండి

ప్రకాశం జిల్లా అనగానే ఫోన్లన్నీ కొత్తపట్నం సముద్రం వైపే తిరుగుతాయి. ఈసారి పడమటికి రండి. ముందు కంభం చెరువు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మ నదికి అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన కట్ట అది. 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాకెక్కింది. ఉత్త నీళ్లు తీస్తే ఏ చెరువో ఎవరికీ తెలియదు. కాస్త పక్కకు జరిగి, కట్టా కొండా కలిసే చోటును ఫ్రేములోకి రానివ్వండి. అంత చిన్న కట్ట అన్ని నీళ్లనెలా ఆపిందో ఫొటోయే చెబుతుంది.

తర్వాత భైరవకోన. అక్కడ కొండను తొలిచిన ఎనిమిది శివాలయాల్లో ఏడు తూర్పుముఖం. పొద్దున్నే వెళితేనే శిల్పం తేలుతుంది. మార్కాపురం చెన్నకేశవుడి గుడిలో గోపురం ఎంతైనా తీసుకోండి, గర్భగుడి దగ్గర మాత్రం కెమెరా మూసేయండి. తీసిన ప్రతి ఫొటో కింద ఊరి పేరు రాయండి.