చెక్‌పోస్టు పక్కన కాలిబాట
(ఆన్‌లైన్ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో కొందరు సిగ్నల్ కోసం గుట్టెక్కి కూర్చున్నారని చెప్పారు. అందుకని నేరుగా విషయానికే వస్తాను.

2020లో కరోనా వచ్చినప్పుడు రాష్ట్రాల సరిహద్దుల్లో ఆపి జ్వరం చూశారు. మీలో చాలామంది అప్పుడు బడి పిల్లలు. ఆ తనిఖీ మన అడవి ప్రాంతంలో ఎందుకు సరిగ్గా సాగలేదు, మళ్లీ అలాంటి రోగం వస్తే మీరు ఎక్కడ నిలబడాలి, ఈ రెండే ఈరోజు నా మాటలు.

మన సరిహద్దు సంగతి ముందు చెప్పుకుందాం. తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా నాలుగు రాష్ట్రాల్లోనూ కోయవాళ్లం ఉన్నాం. చింతూరు, కుంట వేరే రాష్ట్రాలని పటం చెబుతుంది, చుట్టరికాలు చెప్పవు. ఏటా మిర్చి కోతల కాలంలో సుక్మా, దంతెవాడ, బీజాపూర్ నుంచి కూలీలు గుంపులుగా ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, భూపాలపల్లి చేలకు వస్తారు. ఇది కాక, 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు తగలబడి, అటువాళ్లకీ ఇటువాళ్లకీ మధ్య నలిగిపోయి ఇటు వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్లున్నారు. గుత్తికోయలు అంటున్నది వాళ్లనే. సల్వాజుడుంను ఆపమని 2011 జూలైలో సుప్రీంకోర్టు చెప్పినా, చాలామంది తిరిగి సొంతూరికి పోలేదు. చాలామందికి సరైన కాగితాలు లేవు. అలాంటి మనిషిని రోడ్డు మీద ఆపి "మీదే ఊరు?" అని అడిగితే అది కుశల ప్రశ్నలా వినిపించదు. ఊరి పేరు చెబితేనే అనుమానం మొదలవుతుందని అతనికి తెలుసు.

2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మిర్చి కోతల కాలం ఇంకా అయిపోలేదు. బస్సులు ఆగిపోయాయి, పని ఆగిపోయింది. రోడ్ల మీద చెక్‌పోస్టులు లేచాయి. నుదుటికి దూరం నుంచే పెట్టి చూసే థర్మామీటర్ వచ్చింది. థర్మల్ గన్ అంటున్నారు కదా, పేరుకు తగ్గట్టే అది పిస్తోలులా ఉంటుంది. దాన్ని పట్టుకున్నది నర్సమ్మే కావచ్చు, ఆమె పక్కన నిలబడ్డవాళ్ల చేతుల్లో ఉన్నవి మాత్రం అసలు తుపాకులు. ఇందులో ఆ నర్సమ్మ తప్పేం లేదు, ఎండలో రోజంతా నిలబడింది ఆమే. తప్పంతా ఏర్పాటులో ఉంది. ఒకే గేటుకు రెండు పనులు అప్పగించారు, రోగాన్ని కనిపెట్టడం ఒకటి, మనుషుల్ని ఆపడం రెండోది. జ్వరం ఉన్నా ఆపుతారు, లేకపోయినా ఆపుతారు అని తెలిశాక గేటు దగ్గరకు ఎవడు వస్తాడు? అడవిలో బాటలు మనవాళ్లకు కొత్తవా?

ఆ ఏప్రిల్‌లో ములుగు జిల్లా మిర్చి చేల నుంచి బీజాపూర్ వైపు కొందరు నడిచి బయలుదేరారు. వాళ్లలో పన్నెండేళ్ల ఆడపిల్ల ఒకతి ఉంది. పెద్ద రోడ్డు వదిలి అడవి దారిన మూడు రోజులు నడిచారు. ఏప్రిల్ 18న, ఇల్లు ఇంక కొంత దూరమే ఉందనగా ఆ పిల్ల చనిపోయింది. తర్వాత పరీక్ష చేస్తే కరోనా లేదని తేలింది. ఎండకీ నడకకీ ఒంట్లో నీరూ లవణాలూ తగ్గిపోయి ఉంటాయని అధికారులు చెప్పారు. ఆ రోగం కోసం పెట్టిన కట్టడి ఆ రోగం లేని పిల్ల మీద పడింది. ఆ అడవి దారిలో ఒక్కచోట ఓఆర్ఎస్ నీళ్లూ, నీడా, కోయ మాట్లాడే మనిషీ ఉండి ఉంటే అని నేను అనుకోని రోజు లేదు.

ఇక జ్వరం కొలత సంగతి. కరోనా ఒంట్లో చేరిన 2 నుంచి 14 రోజుల తర్వాత లక్షణాలు బయటపడతాయి, కొందరికి అసలు బయటపడవు. అలాంటివాళ్లు గేటు దాటిపోతారు. పారాసిటమాల్ గోలీ వేసుకున్నవాడూ దాటిపోతాడు. ఎండన పడి నడిచి వచ్చినవాడి నుదురు మాత్రం కాలుతుంది, అతను ఆగిపోతాడు. మన దగ్గర ఇంకో చిక్కు, జ్వరమంటే ముందు మలేరియా. అదే 2020 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లో మలేరియా ముక్త్ బస్తర్ అభియాన్ మొదలైంది. ఆరోగ్య సిబ్బంది గూడేలకు నడిచివెళ్లి, జ్వరం ఉన్నా లేకపోయినా ఇంటింటా వేలి రక్తం తీసి చూశారు. మొదటి విడతలో సుమారు 14 లక్షల మందిని చూశారు, రోగం ఉన్నట్టు తేలినవాళ్లలో సగానికి పైగా ఏ లక్షణమూ లేనివాళ్లే. బస్తర్ అడవుల్లో కూడా, గుమ్మం దాకా వెళితే జనం చెయ్యి చాపారు. మూడు నెలలు తిరక్కుండానే ఆ జనమే గేటును తప్పించుకుని అడవి పట్టారు.

ఇది మన ఒక్కచోటి కథ అనుకోకండి. ఆఫ్రికాలో తూర్పు కాంగోలో 2018 ఆగస్టు నుంచి 2020 జూన్ దాకా ఎబోలా ఉంది, 2,200 మందికి పైగా చనిపోయారు. అక్కడా సాయుధ ముఠాలు, కాలిన ఊళ్లు, పారిపోయే జనం. ఉగాండా సరిహద్దుకు అటు నాందే, ఇటు కోంజో అని పిలిచే చుట్టాలే ఉంటారు, మన లాగే. 2019 జూన్‌లో అంత్యక్రియలు చూసుకుని ఉగాండాకు తిరిగి వస్తున్న ఒక కుటుంబాన్ని కాంగో వైపు గేటు దగ్గర లక్షణాలు చూసి ఆపి, విడిగా ఉంచారు. అంటే గేటు తన పని చేసింది. కానీ కొందరు అక్కడి నుంచి తప్పించుకుని కాలిబాటన ఉగాండాలోకి దాటారు. ఐదేళ్ల పిల్లవాడికి జబ్బు ముదిరితే పల్లె వైపు ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఉగాండా ముందే సరిహద్దు జిల్లాల ఆరోగ్య సిబ్బందికి టీకాలు వేయించింది, లక్షణాలు గుర్తుపట్టడం నేర్పింది. అందుకే ఆ ఆసుపత్రివాళ్లు అనుమానించి పరీక్షకు పంపారు. ఆ కుటుంబంలో ప్రాణాలు పోయాయి, ఆ పిల్లవాడు కూడా దక్కలేదు. రోగం మాత్రం ఉగాండాలో ఇంకొకరికి పాకలేదు. గేటు వదిలేసినదాన్ని ఊరి వైపు మనుషులు పట్టుకున్నారు.

అందుకని చెక్‌పోస్టులు వద్దని నేను అనను. 2020లో మన గూడేల్లో కొన్ని తమంతట తామే దారికి వెదురు అడ్డం కట్టుకున్నాయి, ఆ భయం అర్థం లేనిది కాదు. నేను అనేది, పరీక్ష చేసే బల్ల పోలీసు గుడారానికి దూరంగా, చెట్టు నీడన ఉండాలి. అక్కడ మొదటి మాట కోయలోనో గోండిలోనో రావాలి. థర్మామీటర్ పక్కనే మలేరియా కిట్టు ఉండాలి, దాని ఫలితం 15, 20 నిమిషాల్లో తెలుస్తుంది. ఆపిన మనిషికి తిండి ఎవరు పెడతారు, అతని కూలి డబ్బులు ఎవరి దగ్గర ఉంటాయి, ఇంటికి కబురు ఎలా వెళుతుంది, ఇవి ముందే చెప్పాలి. చెప్పకపోతే రాత్రికి రాత్రే వెళ్లిపోతాడు, మనమైనా అంతే చేస్తాం.

అందులో మొదటి మాట మాత్రం ఏ శాఖా పై నుంచి పంపలేదు. డిగ్రీ చదివి ఇంట్లో కోయ మాట్లాడే మీరే మాట్లాడగలరు. నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చదువుతున్నవాళ్లు మీలో ఎంతమంది ఉన్నారో సంఘానికి రాసి పంపండి. మిగతావాళ్లకు ఒక పని చెబుతాను. మీ ఊరి నుంచి అవతలి రాష్ట్రానికి పోయే కాలిబాటలు ఎన్ని, ఏ నెలలో ఎవరు నడుస్తారు, దారిలో నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఒక కాగితం మీద రాయండి. పెద్దవాళ్లను అడిగితే గంటలో చెబుతారు. ఒక ప్రతి ఆశా అక్కకు, ఒకటి పీహెచ్‌సీ డాక్టరు గారికి ఇవ్వండి. ఎవరు ఎక్కడ దాక్కుంటారనేది అందులో రాయకూడదు, అది వేరేవాళ్ల చేతుల్లో పడితే మనవాళ్లకే ముప్పు. నీళ్లు, నీడ, నెల, అంతవరకే. మిర్చి కోతలకు మనుషులు దిగేలోపు అది డాక్టరు గారి బల్ల మీద ఉండాలి.