బురద ఎవరి మాట వింటుంది?

 

స్నాతకోత్సవాల్లో అంతరిక్షం గురించో, కృత్రిమ మేధ గురించో మాట్లాడటం రివాజు. ఇవాళ మాట బురద గురించి. ఇంటిపేరు చెబితే లోకమంతా తలతిప్పి చూసే ఒక మనిషి జీవితమంతా దాని వెంటే తిరిగాడు. ఆయన హాన్స్ ఆల్బర్ట్ ఐన్‌స్టీన్. అవును, ఆ ఐన్‌స్టీన్ గారి పెద్దకొడుకే.

1904లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పుట్టాడు. మరుసటి ఏడాదే తండ్రి, కదలని నీటిలో సూక్ష్మ రేణువులు ఊరికే ఎందుకు కదులుతుంటాయో లెక్కగట్టాడు. 1926లో మళ్లీ నీటి జోలికి వెళ్లి, నదులు వంకరలు ఎందుకు తిరుగుతాయో ఒక చిన్న వ్యాసం రాశాడు. కప్పులో టీ కలిపితే ఆకులు అంచులకు పోకుండా అడుగున మధ్యకు ఎందుకు చేరతాయన్నదే ఆయన పట్టుకున్న కొస. సరిగ్గా ఆ ఏడాదే కొడుకు జ్యూరిక్‌లో సివిల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నాడు. తండ్రికి నది ఒక ముచ్చట. కొడుక్కి అదే ఉద్యోగం, అదే వ్యసనం.

కొన్నేళ్లు జర్మనీలో ఉక్కు కట్టడాల పని చేశాక ఆయన జ్యూరిక్‌కు తిరిగొచ్చి ఆచార్య మేయర్-పీటర్ నడిపే ప్రయోగశాలలో చేరాడు. ఆల్ప్స్ కొండల నుంచి రైన్ నది మోసుకొచ్చే గులకరాళ్ల సంగతి తేల్చడం అక్కడి పని. ఏ రాయి ఎప్పుడు కదులుతుందన్న ప్రశ్నను ఆయన పక్కన పెట్టేశాడు. రేణువు ఒక గెంతు గెంతుతుంది, చాలాసేపు ఆగిపోతుంది, మళ్లీ గెంతుతుంది. అది లేచే ఘడియ చెప్పలేం, లేచే అవకాశం ఎంతో చెప్పగలం. 1936లో ఆయనకు డాక్టరేట్ తెచ్చిపెట్టింది ఈ సంభావ్యత లెక్కే.

అదే 1936లో బెర్లిన్‌లో ఆల్బర్ట్ షీల్డ్స్ అనే అమెరికన్ కుర్రాడు కూడా డాక్టరేట్ ముగించాడు. అడుగున పడి ఉన్న రేణువును కదపడానికి ప్రవాహానికి ఎంత ఒరిపిడి కావాలో చూపే ఆయన వక్రరేఖ లేని పాఠ్యపుస్తకం ఈ రంగంలో దొరకదు. స్వదేశానికి వెళితే ఈ రంగంలో ఉద్యోగం దొరకలేదు. అట్టపెట్టెలు తయారుచేసే యంత్రాలు రూపొందిస్తూ బతుకు గడిపాడు. విద్యారంగం అందరికీ న్యాయం చేయదు. ఈ సంగతి పట్టా చేతికొచ్చిన రోజునే వినడం మంచిది.

హాన్స్ ఆల్బర్ట్ 1938లో అమెరికా వెళ్లి, దక్షిణ కరోలినాలో వ్యవసాయ శాఖ నేల సంరక్షణ విభాగంలో చేరాడు. పత్తి సాగుతో కోతపడిన ఎర్రనేలల మధ్య పారే ఎనోరీ అనే చిన్న నది ఆయనకు బడి అయింది. 1940లో ఇద్దరు సహచరులతో కలిసి ప్రచురించిన పత్రంలో ఒక గీత గీశాడు. ఇసుక, గులక ఎంత పోతుందన్నది ప్రవాహం బలాన్ని బట్టి ఉంటుంది. సన్నని బంకమన్ను అలా కాదు. నదికి ఎంత ఇచ్చినా మోస్తుంది. కాబట్టి నీటిలో అదెంత ఉందన్నది నది సత్తాను చెప్పదు, పైనున్న నేల గతిని చెబుతుంది. గోదావరికి తొలి వరదలో ఎర్రనీరు రావడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. దానికి కొలత తెచ్చిపెట్టడం కొత్త.

సన్నని మన్నును నది ఎందుకు మోస్తుందో 1851లో భౌతిక శాస్త్రవేత్త స్టోక్స్ ఇచ్చిన సూత్రం చెబుతుంది. రేణువు దిగే వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. మిల్లీమీటరులో ఐదోవంతు ఉన్న ఇసుక రేణువు మీటరు లోతు నిమిషంలోపే దిగిపోతుంది. అందులో నూరోవంతు బంకమన్ను రేణువుకు నిలకడ నీటిలోనే మూడు రోజులకు పైగా పడుతుంది. పారే నీటిలో దిగే అవకాశమే తక్కువ.

మరి ఆ మన్ను సముద్రం దగ్గర ఎందుకు దిగుతుంది? 1947 నుంచి బర్క్‌లీలో ఆచార్యుడిగా ఉన్న హాన్స్ ఆల్బర్ట్, రే క్రోన్ అనే పరిశోధకుడితో కలిసి శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతపు బురద మీద ఈ ప్రశ్న వేసుకున్నాడు. 1962లో వాళ్ల ప్రయోగ ఫలితాలు వెలువడ్డాయి. మన్ను రేణువుల మీద రుణ విద్యుదావేశం ఉండటంతో అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పునీటిలో ఆ నెట్టుడు తగ్గి, అవి గుంపు కట్టి బరువెక్కి దిగుతాయి. కుండలో చిల్లగింజ అరగదీసో, పటిక తిప్పో ఏటినీరు తేర్చుకున్న మన అమ్మమ్మలకు ఆ గుంపు కట్టించే పని తెలుసు. సమీకరణం తెలియదంతే.

ఆ అఖాతం కథ ఇంకా ఉంది. బంగారం కోసం సియెర్రా నెవాడా కొండల్ని నీటిగొట్టాలతో కోసేస్తే, ఆ మట్టి నదుల మీదుగా అక్కడిదాకా వచ్చింది. 1884లో కోర్టు దాన్ని ఆపించింది. 1917లో భూగర్భ శాస్త్రజ్ఞుడు గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ ఆ మట్టి ప్రయాణమంతా లెక్కగట్టాడు. కోర్టు ఆపించిన నూటపదిహేనేళ్లకు, 1999లో, అఖాతం నీళ్లు ఉన్నట్టుండి తేటబడ్డాయి. తేలియాడే మన్ను మూడోవంతుకు పైగా తగ్గిపోయింది. గనుల కాలపు మట్టి నిల్వ అప్పటికి అయిపోయిందని శాస్త్రజ్ఞుల వివరణ. ముత్తాతలు కొండమీద చేసిన పని మునిమనవళ్ల కాలందాకా నీటిలో కనబడింది.

మన దగ్గర కథ తిరగబడింది. కృష్ణ ఉపనది తుంగభద్ర మీది జలాశయం 1953లో 133 టీఎంసీలు పట్టేది. పూడిక పేరుకుని ఇప్పుడు 105 చిల్లర. అక్కడ ఆగిన మన్నే కింద కరువైంది. కృష్ణ 1966–69 మధ్య ఏటా 90 లక్షల టన్నుల ఒండ్రు డెల్టాకు తెచ్చేదనీ, 2000–05 నాటికి అది 4 లక్షల టన్నులకు పడిపోయిందనీ ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించారు. డెల్టా అంచును సముద్రం కోసుకుపోవడానికి కారణం అందులోనే చూపారు.

హాన్స్ ఆల్బర్ట్ 1973లో కన్నుమూశాడు. ఆయన సూత్రాలను తరువాతివాళ్లు సరిదిద్దారు, ఇంకా దిద్దుతున్నారు. తీర్చి పెట్టేసిన లెక్క కాదిది.

మీలో కొందరు జలవనరుల శాఖకు వెళతారు, కొందరు కన్సల్టెన్సీలకు, కొందరు ఈ చదువుతో సంబంధం లేని కొలువులకు. మొదటి రెండు చోట్లకు వెళ్లేవాళ్లకు ఒక విన్నపం. ఏ ప్రాజెక్టు సమగ్ర నివేదిక (డీపీఆర్) అయినా మీ బల్ల మీదికి వచ్చినప్పుడు, నీటి లెక్క చూసి సంతకం పెట్టేయకండి. పూడిక లెక్క ఏ ఏడాదిదో, ఎవరు కొలిచారో, కింద డెల్టాకు ఎంత మన్ను వదులుతున్నారో అడగండి. జవాబు ఫైలులో లేకపోతే, పడవ ఎక్కి మీరే కొలవండి.