12 మార్కులొచ్చాయి అంటే ఏమొచ్చినట్టు?

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా టీచర్ల కోసం. ఇంద్రేశం, పటాన్‌చెరు, ఇస్నాపూర్ వైపు చూసేవాళ్లలో చాలామంది డిగ్రీ అవ్వగానే ప్రైవేటు స్కూల్లో చేరారు, సాయంత్రం ట్యూషన్లు చెప్తున్నారు. కొందరిళ్లలో అమ్మానాన్న షిఫ్టుకు పోతే తమ్ముడి ప్రోగ్రెస్ కార్డు చూసేది మీరే. సో, ఆ కార్డు మీదున్న అంకెను ఎలా చదవాలి? ఈరోజు టాపిక్ అదే.

మొదట ఒక కన్ఫ్యూజన్ తీసేద్దాం. పర్సెంటేజీ వేరు, పర్సెంటైల్ వేరు. జేఈఈ మెయిన్‌లో 90 పర్సెంటైల్ వచ్చింది అంటే 100కి 90 మార్కులు వచ్చాయని కాదు. ఆ సెషన్‌లో పరీక్ష రాసినవాళ్లలో 90 శాతం మందికి మీతో సమానంగానో, మీకంటే తక్కువగానో వచ్చాయని అర్థం. లక్ష మంది రాస్తే మీ పైన ఇంకా 10 వేల మంది ఉంటారు. పర్సెంటేజీ ఎంత రాశావో చెప్తుంది, పర్సెంటైల్ పక్కవాళ్లతో పోలిస్తే ఎక్కడున్నావో చెప్తుంది. ఈ రెండూ తెలియని ఇంట్లో 90 పర్సెంటైల్ చూసి ముందు స్వీట్లు పంచుతారు, కౌన్సెలింగ్ రోజు ఏడుస్తారు.

రెండోది గ్రేడ్లు. మన పదో తరగతిలో హిందీ తప్ప మిగతా సబ్జెక్టుల్లో 81 నుంచి 90 వరకు ఏ2, 71 నుంచి 80 వరకు బీ1. ఇప్పుడు చూడండి, 80 వచ్చిన పిల్లకీ 81 వచ్చిన పిల్లాడికీ తేడా ఒక్క మార్కు. కానీ గ్రేడు మారిపోయింది. 81కీ 90కీ తేడా 9 మార్కులు, అయినా గ్రేడు ఒకటే. గ్రేడు అంటే మనం గీసిన గీత, అంతే. 2025 మార్చి పరీక్షల నుంచి మెమోలో మళ్లీ మార్కులు కూడా ఇస్తున్నారు కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చదవండి.

మూడోది, అసలు ఆ మార్కు దేన్ని కొలిచింది? పదో తరగతి ఎఫ్‌ఏ 20 మార్కులకు ఉంటుంది. అందులో స్లిప్ టెస్టు 5 మార్కులే. మిగతా 15 క్లాసులో పాల్గొనడం, రాతపని, ప్రాజెక్టు. ఇద్దరికీ 15 వచ్చాయి అనుకుందాం. ఒకరికి 5, 5, 5, స్లిప్ టెస్టులో సున్నా. ఇంకొకరికి 3, 4, 3, స్లిప్ టెస్టులో 5కి 5. రిజిస్టరులో ఇద్దరూ ఒకటే. మీరు చెప్పాల్సిన పాఠం మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు. మొదటి పిల్లాడి నోటుబుక్ ఎవరిది చూసి రాశాడో కూడా కనుక్కోవాలి.

2021లో ఏమైందో గుర్తుందా? కరోనా వల్ల పదో తరగతి పరీక్షలు రద్దు చేసి, ఎఫ్‌ఏ మార్కులతోనే ఫలితాలు ఇచ్చారు. దాదాపు 5 లక్షల 21 వేల మందిలో 2 లక్షల 10 వేల మందికి పైగా 10కి 10 జీపీఏ వచ్చింది. పిల్లలు ఒక్క ఏడాదిలో అంత మారిపోయారా? లేదు, కొలిచే కర్ర మారింది. అందుకే 2021 బ్యాచ్ జీపీఏను వేరే బ్యాచ్ జీపీఏతో పోల్చడంలో అర్థం లేదు.

ఇప్పుడు అసలు పనికొచ్చే విషయం. సాఫ్ట్‌వేర్‌లో యాప్ ఆగిపోతే "ఫెయిల్" అనే ఒక్క మాట చూసి ఎవరూ ఊరుకోరు, లాగ్ తెరిచి ఏ లైను దగ్గర ఆగిందో చూస్తారు. మీ చేతిలో ఉన్న ఆన్సర్ షీటే ఆ లాగ్. 52 లోంచి 27 తీసేయమంటే ఒక పిల్ల 35 అని రాసింది అనుకోండి. తప్పే, సున్నా మార్కులే. కానీ 35 ఎలా వచ్చింది? 2 లోంచి 7 పోదు కాబట్టి తిప్పేసి 7 లోంచి 2 తీసి 5 వేసింది. అంటే ఆ పిల్లకి తీసివేత వచ్చు, పదుల నుంచి అప్పు తెచ్చుకోవడం రాలేదు. పది నిమిషాల పని. "మ్యాథ్స్‌లో వీక్" అని రాస్తే ఆ పది నిమిషాలు ఎప్పటికీ దొరకవు.

ఒక పేపర్ మీద అడ్డంగా ప్రశ్నల నంబర్లు, నిలువుగా పిల్లల పేర్లు రాసి రైటు, తప్పు గుర్తులు పెట్టండి. 30 మందిలో 24 మంది ఒకే ప్రశ్న తప్పు చేస్తే సమస్య పిల్లల్లో కాదు. ప్రశ్న అయినా సరిగ్గా లేదు, పాఠం అయినా మళ్లీ చెప్పాలి. ఇద్దరు ముగ్గురే తప్పు చేస్తే వాళ్లను విడిగా కూర్చోబెట్టుకోండి.

మన బెల్టుకి సంబంధించి ఇంకో మాట. ఇక్కడ ఫ్యాక్టరీల్లో పని కోసం ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఇంట్లో ఒడియా, స్కూల్లో ఇంగ్లిషు, ఆటల్లో తెలుగు. "పెట్టెకు 12 చొప్పున 6 పెట్టెల్లో ఎన్ని?" అన్న లెక్క తప్పు చేసిన పిల్లాడికి ఊరికే 12 ఇంటూ 6 ఇచ్చి చూడండి. 72 అని టక్కున చెప్తే వాడికి లెక్క వచ్చు, భాష దగ్గర ఆగాడు. అలాంటివాణ్ణి వెనక బెంచీకి పంపితే తప్పు చేసింది వాడు కాదు.

చివరిది, చాలా సీరియస్ విషయం. 2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. ఫస్టియర్‌లో బాగా చదివిన ఒక అమ్మాయికి సెకండియర్ తెలుగులో సున్నా. మళ్లీ పేపరు తీసి చూస్తే 99. ఆ ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వాళ్లందరి పేపర్లనూ ప్రభుత్వం ఫ్రీగా రీవెరిఫికేషన్ చేయిస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. కంప్యూటర్ స్క్రీన్ మీద ఉన్నంత మాత్రాన అంకె నిజం కాదు. ఎప్పుడూ 90లు తెచ్చుకునే పిల్లకి సున్నా కనిపిస్తే, ముందు అనుమానించాల్సింది పిల్లని కాదు, అంకెని.

అందుకే టీచర్లూ, మార్కులు చెప్పే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ అంకె ఏం కొలిచింది? పాత మార్కులతో సరిపోతోందా? సోమవారం ఈ పిల్లకి నేను ఏం వేరేగా చెప్పాలి? ఎఫ్‌ఏలో 12 నుంచి 14కి పెరిగితే మురిసిపోవద్దు, 14 నుంచి 12కి తగ్గితే తిట్టొద్దు. చిన్న పరీక్షలో రెండు మార్కులు అటూ ఇటూ అవ్వడం మామూలే. క్లాసు మొత్తం లిస్టు వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. ఎవరి మార్కులు వాళ్ల ఇంటికే పంపండి.

మార్కులు చూసి మనసు బాగోలేని స్టూడెంట్స్ ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, టెలిమానస్ నంబర్ 14416. ఫ్రీ, రాత్రయినా ఫోన్ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ వీడియోని మీకు తెలిసిన ఒక్క టీచర్‌కి పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.