పెట్టెలోని బేరగాడు

పలాస, కాశీబుగ్గలలో జీడిపప్పు వ్యాపారమును చూచినవారికి రేకుడబ్బా సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. పిక్కను ఒలిచి, పప్పును తరగతులుగా ఏరి, డబ్బాకెత్తి గాలి చొరకుండ మూత బిగింతురు. ఆపైన ఆ సరకు ఢిల్లీకి పోయినను ముంబాయికి పోయినను లోపలి పప్పు చెడదు. కంప్యూటరు పనివారు 'కంటైనరు' అనునది ఇంచుమించు ఇట్టి డబ్బాయే. ఒక ప్రోగ్రామునకు కావలసిన సామగ్రినంతయు దానితోపాటే మూటగట్టి, ఏ యంత్రముపై విప్పినను ఒకే రీతిగ పనిచేయునట్లు చేయుట దాని ప్రయోజనము. 2013లో వెలువడిన 'డాకర్' అను సాధనము ఈ పద్ధతిని ప్రపంచమంతట వ్యాపింపజేసెను. డాకర్ అనగా ఓడరేవులో సరకు దింపు కూలీ యని అర్థము.

ఈ డబ్బాలో నేడు కొందరు యువకులు ఒక బేరగానిని కూర్చుండబెట్టుచున్నారు. షేర్ మార్కెట్టు ధరలను కనిపెట్టి, ముందుగ చెప్పియుంచిన నియమము ప్రకారము తనంతట తానే కొని అమ్ము ప్రోగ్రామును 'బాట్' అందురు. దీనిని ఇంటి కంప్యూటరులో స్థాపించుటకు ఇప్పుడు అరగంట చాలును. అంత సులువైన పని కనుకనే ఇంటిల్లపాదియు దీనిని గూర్చి కొంత తెలిసికొనుట మంచిదని మా అభిప్రాయము. ఏలయన, డబ్బా కాపాడునది ప్రోగ్రామును; ఇంటి సొమ్మును కాదు.

మొదట గడియారము సంగతి చూతము. కంటైనరు లోపలి గడియారము, వేరుగ చెప్పనిచో, సాధారణముగ అంతర్జాతీయ కాలమును చూపును. మన కాలము దానికంటె అయిదున్నర గంటలు ముందు. ఉదయము 9.15కు మేల్కొనుమని చెప్పిన బాట్, ఆ తేడాను సవరింపనిచో, మన మధ్యాహ్నము 2.45కు మేల్కొనును. మార్కెట్టు 3.30కి మూతబడును.

రెండవది జ్ఞాపకము. కంటైనరును తీసివేసి క్రొత్తదానిని పెట్టినప్పుడు దానిలోపల వ్రాసికొన్నదంతయు పోవును. కొన్న షేర్ల పద్దు వెలుపల, యంత్రపు డిస్కుమీద, వేరొక చోట భద్రపరచవలెను. అట్లు చేయక, బ్రోకరు వద్దనున్న లెక్కతోనైనను సరిచూడుమని చెప్పక విడిచినచో, బాట్ తాను నిన్న కొన్నదానిని మరచి నేడు మరల కొనును. మతిమరపు గుమాస్తాకు గల్లాపెట్టె అప్పగించినట్లగును. బ్రోకరు ఇచ్చిన రహస్యపు తాళపుచెవిని కూడ డబ్బాలో పెట్టి మూత వేయరాదు. ఆ డబ్బా నకలు ఎవరికి చేరిన వారికి తాళపుచెవియు చేరును.

మూడవది మన జిల్లావారు మరువలేని విషయము. 2018 అక్టోబరు 11, గురువారము తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటెను. ఉద్దానమున కొబ్బరి, జీడి తోటలు నేలకొరగెను. విద్యుత్ స్తంభములు కూలి, ఊళ్లు దినముల తరబడి చీకటిలో నుండెను. అదే ఉదయము ముంబాయిలో మార్కెట్టు యథావిధిగ తెరచుకొనెను. మూతబడు వేళకు సెన్సెక్సు సుమారు 760 పాయింట్లు పడిపోయెను. ధర ఇంతకు దిగినచో అమ్మివేయుమని ఇంటి బాట్‌కు అప్పగించి, వేరు ఏర్పాటు చేసికొననివాడు ఆనాడు ఉద్దానములో నుండియుండిన, బాట్ ఆగిపోయియుండును. నష్టము మాత్రము ఆగియుండదు. కావున అమ్మకపు ఆజ్ఞను బాట్ కడుపులోనే దాచక, ముందుగనే బ్రోకరు వద్ద నమోదు చేయించవలెను. అప్పుడు ఇంట దీపమారినను ఆ ఆజ్ఞ అక్కడ నిలిచియుండును. అదియైనను ధర ఒక్కసారిగ జారినప్పుడు కోరిన వెలకే అమ్ముడుపోవునను హామీ లేదు.

ప్రభుత్వమువారి నియమములును కలవు. 2025 ఫిబ్రవరి 4న సెబీ సంస్థ సామాన్య మదుపుదారుల యంత్ర బేరములను గూర్చి ఉత్తరువు వెలువరించెను. దాని ప్రకారము ఇట్టి ఆజ్ఞలు బ్రోకరు ద్వారమున, అతడు ఎరిగియున్న స్థిరమైన ఇంటర్నెట్ చిరునామా నుండియే రావలెను. ఇంటి కనెక్షన్లకు సాధారణముగ అట్టి స్థిరమైన చిరునామా ఉండదు. అందువలన పలువురు తమ కంటైనరును దూరనగరమున అద్దె యంత్రముపై ఉంచుకొందురు. అది తుపాను బాధను తప్పించును గాని నెలనెల అద్దె ఖర్చును తెచ్చును.

ఇన్ని జాగ్రత్తలు పాటించినను లాభము సిద్ధించునా? సెబీ 2024లో ప్రకటించిన పరిశీలన ప్రకారము, 2021-22 నుండి 2023-24 వరకు ఫ్యూచర్స్, ఆప్షన్స్ బేరములాడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. వారు కోల్పోయినది 1.8 లక్షల కోట్ల రూపాయలకు మించెను. 2023-24లో ఆ బేరములలో విదేశీ మదుపు సంస్థలకు వచ్చిన లాభములో నూటికి 97 పాళ్లు యంత్ర బేరముల వలన వచ్చినవే. ఎదుటివాని యంత్రము ఎక్స్ఛేంజి ఆవరణముననే నిలిచియుండగా, మన ఆజ్ఞ ఇక్కడినుండి బయలుదేరి పోవలెను. బాట్ అలయదు, భయపడదు, నిజమే. కాని మన నియమము తప్పైనచో ఆ తప్పును కూడ అలయకయే చేయును.

ఇట్లనుట యువకుల ఉత్సాహమును చల్లార్చుటకు గాదు. విద్యగా ఇది నేర్వదగినదే. కొన్ని నెలలు అసలు రూకలు లేక, కాగితపు లెక్కలతోనే బాట్‌ను నడిపి చూడవచ్చును. పిదప అసలు సొమ్ము పెట్టదలచినచో, పోయినను ఇల్లు గడచునంత మొత్తము నిర్ణయించి, బాట్‌ను ఆపు విధమును ఒక కాగితముపై వ్రాసి గోడకు అతికింపుడు. దానిని స్థాపించిన పిల్లవాడు ఊర లేని వేళ తల్లియో, తండ్రియో, అక్కయో ఆ కాగితము చూచి దానిని ఆపగలుగవలెను.