రక్తబంధము – రక్తవర్గము
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



ఇట్టి సభలలో "మనదంతయు నొక్కటే రక్తము" అను మాట తఱచుగా వినబడుచుండును. అందలి యభిమానమును మేము గౌరవించుచున్నాము. కాని మనవాడొకడు వైద్యశాలలో రక్తము కొఱకు ఎదురుచూచుచున్నప్పుడు ఆ మాట యెంతవరకు నిలుచునో విచారింపవలసియున్నది. నేటి మా ప్రసంగవిషయ మదియే.

1901వ సంవత్సరమున వియన్నా నగరమందు కార్ల్ లాండ్‌స్టైనర్ అను వైద్యుడు ఒకరి రక్తరసమును మఱియొకరి ఎఱ్ఱకణములతో కలిపి చూచినప్పుడు, కొన్నియెడల కణములు గడ్డకట్టుటయు, కొన్నియెడల కట్టకుండుటయు గనుగొని, మానవులలో రక్తవర్గములు గలవని ప్రకటించెను. ఇందులకై 1930లో వారికి నోబెలు బహుమానము లభించెను.

ఈ భేదమునకు మూలము శర్కరలు. ఎఱ్ఱకణము పైపొరనుండి శర్కరల గొలుసులు వెలికి చాచుకొనియుండును. గొలుసు చివర ఫ్యూకోజు అను శర్కర చేరినచో దానిని హెచ్ పదార్థమందురు. దానికి ఎసిటైల్ గాలక్టోసమీను అను శర్కర చేరినచో ఏ వర్గము. గాలక్టోజు చేరినచో బి వర్గము. కొన్ని గొలుసులకు అదియు, కొన్నింటికి ఇదియు చేరినచో ఏబి వర్గము. ఏదియు చేరక హెచ్ మాత్రమే మిగిలినచో ఓ వర్గము. శరీరము తనయందు లేని శర్కరను పరాయిదిగా నెంచి, దానిని ఎదిరించు పదార్థములను రక్తరసమున సిద్ధముగా నుంచుకొనును. ప్రాణము మీదికి వచ్చు భేదమంతయు ఒక్క శర్కరలో నున్నది.

ఏ వర్గపు తండ్రికిని బి వర్గపు తల్లికిని నాలుగు వర్గముల బిడ్డలును పుట్టవచ్చును. కావున సొంత తమ్ముని రక్తము సరిపడక, ఊరుపేరు తెలియని వాని రక్తము సరిపడుట వింత కాదు. అంతేకాదు, గిబ్బను వంటి వానరములయందును ఏ, బి భేదము కలదు. అది మనకును వానికిని ఉమ్మడియగు పూర్వులనాటినుండి, కనీసము రెండుకోట్ల యేండ్లుగా, వచ్చుచున్నదని 2012లో ప్రకటితమైన పరిశోధనము తెలుపుచున్నది. ఓ వర్గమువారికి తీవ్రమగు మలేరియానుండి కొంత రక్షణ కలదు. కాని కలరా సోకినచో వారికే అది తీవ్రమగును. కావున ఒక వర్గము శ్రేష్ఠము, ఒకటి నీచము అనుటకు ప్రకృతియం దాధారము లేదు.

ఇక మనము ముఖ్యముగా గమనింపవలసిన విషయము. 1952లో భేండే మున్నగు వైద్యులు బొంబాయి నగరమున ఒక క్రొత్త వర్గమును గనుగొనిరి. ఈ వర్గమువారి కణములపై హెచ్ సైతము లేదు. సామాన్య పరీక్షయందు వీరు ఓ వర్గమువారివలె కనబడుదురు. కాని ఓ రక్తమెక్కించినచో ప్రాణాపాయము. వీరికి బొంబాయి వర్గపు రక్తమే సరిపడును. ఇది రోగము కాదు; రక్తము ఎక్కించుకొనవలసి వచ్చువరకు వీరికి లోపమేమియు తెలియదు. మనదేశమున ఇట్టివారు సుమారు 10,000 మందికి ఒకరని యంచనా.

తల్లినుండియు తండ్రినుండియు హెచ్ నిర్మింపజాలని జన్యువే సంక్రమించినప్పుడు ఈ వర్గము కలుగును. ఒకే పూర్వునినుండి వచ్చిన జన్యువు ఇరువైపులనుండి బిడ్డకు చేరుటకు మేనమామ–మేనకోడలి వివాహమున 8లో 1 వంతు, మేనత్త మేనమామల బిడ్డల వివాహమున 16లో 1 వంతు అవకాశము కలదు. మేనరికములు మనలో ఎంతకాలముగా నున్నవో పెద్దలకు చెప్పనక్కఱలేదు. మేము ఎవ్వరిని నిందించుటకు ఈ మాట చెప్పుటలేదు. జాగ్రత్త కొఱకు చెప్పుచున్నాము.

కావున మా విన్నపములు మూడు. ప్రతి కుటుంబమును తమవారి రక్తవర్గము నెఱిగి వ్రాసియుంచుకొనవలెను. మేనరికపు సంతానములో ఓ వర్గమని తేలినవారు హెచ్ పరీక్షయు చేయించుకొనవలెను. ఒకరు బొంబాయి వర్గమువారని తేలినచో తోబుట్టువులందఱిని పరీక్షింపవలెను, ఏలయనగా వారిలో ఒక్కొక్కరికి అదే వర్గముండుటకు సాధారణముగా 4లో 1 వంతు అవకాశము కలదు. రక్తబంధము నిజముగా అక్కఱకు వచ్చు చోటు ఇదియే. మూడవది, మన సంఘము రక్తదాతల పట్టికను సిద్ధపఱుపవలెను. అది మనవారికే పరిమితము కారాదు. పదివేలలో ఒకనిని వెదుకవలసి వచ్చిననాడు ఏ సంఘమును తనకు తాను చాలదు. నేడు మనము పరులకు తెఱచిన తలుపే రేపు మనబిడ్డకు దారి యగును.