కంపైలయిన ప్రోగ్రాము కడుపులో ఏముంది?
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటినుంచి పాటలూ పద్యాలూ విన్న చెవులకు ఈ పూట కంప్యూటరు కబుర్లు వినిపించమని నన్ను నిలబెట్టారు. ఈ హాలులో చాలామందికి పొట్టకూటి విద్య ఇదే. మిగిలినవారికి కూడా తెలిసేట్టు మనవి చేయాలని నా ప్రయత్నం.

మనిషి రాసే ప్రోగ్రాము ఒకటి, యంత్రం నడిపేది మరొకటి. మొదటిదాన్ని చదవవచ్చు. దాన్ని కంపైలర్ యంత్రభాషలోకి రుబ్బాక మిగిలేవి అంకెలు. రుబ్బిన పిండిలో మినపగుళ్ళు ఏరలేం కదా, ఇక చూసేదేముందని చాలామంది చేతులు దులుపుకుంటారు. కాని పిండిని వేలితో తాకి, బియ్యం పాలు ఎక్కువైందని చెప్పేసే ఇల్లాళ్ళు మనకు లేరా? అలాంటి పనిముట్లు యునిక్స్ తొలినాళ్ళనుంచీ ఉన్నాయి. 1971 నవంబరు నాటి మొట్టమొదటి యునిక్స్ మాన్యువల్‌లోనే ఎన్ఎమ్, స్ట్రిప్ అనే కమాండ్లు కనిపిస్తాయి. బొమ్మలుండవు, బొత్తాలుండవు. కమాండు పేరు, పక్కన ఫైలు పేరు టైపు చేయడమే.

ఎన్ఎమ్ ఆ ఫైలులోని పేర్ల పట్టిక చదివి పెడుతుంది. పేరు పక్కన పెద్ద టి ఉంటే ఆ పని చేసే కోడు ఇందులోనే ఉందని, యు ఉంటే బయటినుంచి ఎరువు తెచ్చుకోవాలని అర్థం. స్ట్రిప్ ఆ పట్టికను చెరిపేస్తుంది. ఫైలు చిక్కుతుంది, ప్రోగ్రాము మాత్రం మునుపటిలాగే నడుస్తుంది. సరుకు అమ్ముకునేవారికి స్ట్రిప్ ముద్దు. అర్ధరాత్రి లేచి మరమ్మతు చేసేవాడికి అదే శత్రువు. ఆబ్జ్‌డంప్ అనేది అంకెలను మళ్ళీ ప్రాసెసరు ఆజ్ఞలుగా విప్పి చూపుతుంది.

మూలం చేతిలో ఉండగా ఈ తంటా ఎందుకని అడుగుతారు. 2024 మార్చిలో జరిగింది చెబుతాను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన లినక్స్ యంత్రంలో ఎస్ఎస్‌హెచ్ ద్వారా లోపలికి వెళ్ళడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకనే! మనమైతే కాఫీ గుటక వేసి ఊరుకుంటాం. ఆయన కొలతలు తీస్తే, ఆ కాలం ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీలో ఖర్చవుతోంది. ఖర్చయ్యే చోటుకు మాత్రం పేరు దొరకలేదు. తవ్వగా దొంగ దారి బయటపడింది. 5.6.0, 5.6.1 సంచికలలో, పరీక్షలకని ఉంచిన ఫైళ్ళలో యంత్రభాష ముక్కను దాచారు. కంపైలు చేసే వేళ అది బయటికొచ్చి లైబ్రరీలో కలిసిపోయేది. దాన్ని మేలుకొలిపే మంత్రం విడుదల మూటలో ఉంది కాని, అందరూ చూసే మూలంలో లేదు. మూలాన్ని అక్షరం అక్షరం చదివినవాడికి కూడా అది దొరికేది కాదు. కంపైలరునే నమ్మలేని పరిస్థితి రావచ్చునని కెన్ థామ్సన్ 1984లో అచ్చయిన తన ట్యూరింగ్ ఉపన్యాసంలో చెప్పనే చెప్పాడు.

ఇంకో చిత్రం. ఎస్ఎస్‌హెచ్‌కు ఎక్స్‌జెడ్‌తో సొంతంగా చుట్టరికం లేదు. కొన్ని లినక్స్ పంపిణీలవారు సిస్టమ్‌డి కోసం చేసిన మార్పువల్ల, దాని వెంట ఇదీ వచ్చింది. మేనమామగారి వియ్యంకుడు పెళ్ళికి వచ్చినట్టు! ఏ ప్రోగ్రాము వెనుక ఏ లైబ్రరీలు వస్తున్నాయో ఎల్‌డిడి కమాండు చెబుతుంది. ఫ్రాయిండ్ ప్రకటనతో పాటు వచ్చిన చిన్న తనిఖీ స్క్రిప్టు కూడా ఎల్‌డిడితోనే మొదలవుతుంది. అయితే అనుమానం ఉన్న ఫైలు మీద ఎల్‌డిడి వాడకండి. ఒక్కొక్కప్పుడు అది ఆ ప్రోగ్రామునే నడిపించవచ్చు. ఆబ్జ్‌డంప్‌కు పి అనే గుర్తు ఇస్తే, నడపకుండానే ఫైలు నేరుగా కోరే లైబ్రరీల పేర్లు చూపుతుంది.

చివరగా మన భాషకు సంబంధించిన మాట. స్ట్రింగ్స్ అనే కమాండు ఫైలులో దాగిన వాక్యాలను ఏరి ఇస్తుంది. కనీసం నాలుగక్షరాలు వరుసగా ఉంటే పట్టుకుంటుంది. కాని మామూలుగా దానికి అక్షరాలంటే ఇంగ్లీషు అక్షరాలే. యూటిఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతం మూడు బైట్లు. మొదటిది 224, రెండవది 176 గాని 177 గాని. అందుచేత ప్రోగ్రాములో నిండుగా తెలుగు ఉన్నా స్ట్రింగ్స్‌కు ఏమీ లేనట్టే. ఇ అనే గుర్తు వెంట పెద్ద ఎస్ ఇస్తే ఆ బైట్లను వదలదు. 2022లో వచ్చిన బిన్‌యుటిల్స్ 2.38లో యూనికోడు కోసమని వేరే ఐచ్ఛికం కూడా చేర్చారు. తెలుగు ప్రోగ్రాములు రాసే మన పిల్లలు తమ ఫైళ్ళను ఈ రెండు విధాలా చూసుకోవాలి.

భోజనాలకు ఇంకా పావుగంట ఉందంటున్నారు. ప్రశ్నలుంటే అడగండి.