స్ట్రాకు మారు ఏది?

బొలారమునకు చేరువనున్న కౌకూర్‌లో వేసవి వచ్చినదని మొదట తెలుపునది బాటప్రక్కని కొబ్బరిబోండాల కుప్ప. మొన్న అక్కడ నేనొక బోండాము కొనగా, అమ్మునాతడు అందులో కాగితపు స్ట్రా వేసి యిచ్చెను. సగము త్రాగునంతలో అది మెత్తబడి నోటిలో పిప్పియయ్యెను. "ప్లాస్టిక్‌దే మంచిగుండె గద సారూ!" అని అతడు నవ్వెను. ఆ మాటకు జవాబు వెదకుటయే ఈ ప్రసంగము.

ప్లాస్టిక్ స్ట్రా ఎందుకు పోవలసి వచ్చినది? మనము దానిని వాడునది అయిదు నిమిషములు. అది మిక్కిలి తేలిక. దానికి ధర పలుకదు గనుక చెత్త ఏరువారును ముట్టరు. గాలికెగిరి కాలువలో పడును, చెరువు చేరును. అక్కడ తునుకలగునే గాని కుళ్లదు. అందుచేతనే భారత ప్రభుత్వము 2021 ఆగస్టులో నియమములు సవరించి, 2022 జూలై 1 నుండి దాని తయారీని, అమ్మకమును, వాడకమును నిషేధించినది.

కాగితపు స్ట్రా క్రొత్తది కాదు. అమెరికాలో మార్విన్ స్టోన్ 1888లోనే దానికి పేటెంటు పొందెను. కాని అదియు ఒక్కసారి వాడి పారవేయునదే. పైగా 2023లో బెల్జియము శాస్త్రజ్ఞులు పరీక్షించిన 20 కాగితపు రకములలో 18 రకములందు సులభముగా నశింపని ఫ్లోరిన్ రసాయనముల జాడ కనబడెను. పరిమాణము స్వల్పమే, అయినను ఉక్కు స్ట్రాలలో ఆ జాడయే లేదు.

కావున కొనదలచినవారు ఉక్కుదే కొనవచ్చును. సన్నని కుంచెతో లోపల తోమి, వేడినీట కడుగవలెను. దానిని నోటనుంచుకొని నడువరాదు. పరుగెత్తు పిల్లల చేతికి ఈయరాదు. 2018లో ఇంగ్లండులో ఒక స్త్రీ అట్టి లోహపు స్ట్రా గల పాత్రతో పడి ప్రాణము కోల్పోయినది. వెదురుదైనచో ఎండలో బాగుగా ఆరవలెను. లేనిచో బూజు పట్టును.

అయితే స్ట్రా అందరికిని విలాసము కాదు. మూడేండ్ల క్రిందట మా అమ్మ తుంటి యెముక విరిగి మంచము పట్టినది. తల యెత్తలేదు. కాగితపు స్ట్రా గంజిలో నానిపోయెను. ఉక్కుది చిగురునకు తగిలి నొచ్చెను. నేను దిక్కు తోచక నిలిచియుండగా అమ్మయే, "అటుక మీద నీ ఉగ్గుగిన్నె ఉంటది, తీయి బిడ్డా" అనెను. పసితనమున నాకు ఉగ్గు పోసిన ఆ గిన్నె ముక్కుతోనే నెల దినములు ఆమెకు గంజి పోసితిని. ఉగ్గుగిన్నె లేని యింట, వంగెడి సిలికాన్ గొట్టము కడిగి మరల వాడుకొనవచ్చును. మ్రింగుట కష్టమైన రోగికి మాత్రము ఏది తగునో వైద్యుని అడిగియే నిర్ణయింపవలెను.

ఆరోగ్యవంతులమైన మనకో? నిన్న నేను ఇంటినుండి చెంబు తీసికొని బోండాల బండికి పోతిని. అతడు మరల నవ్వెను గాని, నీరు చెంబులోనికి వంచి యిచ్చెను. ఎత్తి పోసికొని త్రాగితిని. ఏ స్ట్రాయు అక్కరలేకపోయెను.